బెజవాడ లారీలు

లారీ కొన్నవానికి ఒకప్పుడు లారీ చేతికి వచ్చేది కాదు. వచ్చేది ఛాసిస్. నిచ్చెన మాదిరిగా పొడవాటి ఉక్కు కమ్ములు రెండు, వాటిని కలిపే అడ్డకమ్ములు, ముందు ఇంజను, ఇంజను మీద మూతి, కింద చక్రాలు, చేతికొక స్టీరింగు — ఇంతే. పైకప్పు లేదు, తలుపు లేదు, వెనుక తొట్టి లేదు. జంషెడ్‌పూరులోని టాటా కర్మాగారం నుండి ఈ అస్థిపంజరాన్ని ఒక డ్రైవరు నడుపుకొని వచ్చేవాడు. కూర్చోవడానికి చెక్కపెట్టె, తలకు తువ్వాలు, దుమ్ము పడకుండా కళ్లకు అద్దాలు. ఎండకూ వానకూ అతనికి వేరే మరుగు ఉండేది కాదు. ఒడిశా దాటి, విశాఖపట్టణం దాటి, గోదావరి దాటి, ఏలూరు నుండి గన్నవరం మీదుగా అతడు బెజవాడ చేరేసరికి మనిషీ బండీ ఒకే రంగుకు వచ్చేవి. మద్రాసు పక్కన ఎన్నూరులో తయారైన అశోక్ లేలాండు ఛాసిస్‌లు దక్షిణం నుండి ఇదే తీరున వచ్చేవి. రెండు దిక్కులవారూ దిగేది బెజవాడలోనే. ఆ ఎముకల గూటికి ఒళ్లు కట్టే పని ఇక్కడ జరిగేది.

ఈ పని ఈ ఊరికే ఎందుకు వచ్చిందో తెలియాలంటే లారీ కంటె ముందున్న రవాణాను తలచుకోవాలి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తి అయిన తరువాత డెల్టాలో కాలువలు నీటితోపాటు సరుకునూ మోశాయి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ — వీటి గట్ల వెంట మనుషులు తాడు పట్టి పడవలను లాగేవారు. కాలువ చేరని ఊళ్లకు రెండెడ్ల బండి ఉండనే ఉన్నది. పడవ కట్టే వడ్రంగికి చెక్కను వంచడం తెలుసు, నీరు చొరకుండా అతకడం తెలుసు. బండి కట్టే వడ్రంగికి బరువు ఎక్కడ పడుతుందో, ఇరుసు ఎక్కడ విరుగుతుందో తెలుసు. కమ్మరికి ఇనుపకట్టును ఎర్రగా కాల్చి చక్రానికి బిగించడం తెలుసు. మోటారు వచ్చినపుడు ఈ ముగ్గురూ కొత్తగా నేర్వవలసింది మనం అనుకొనేంత లేదు. లారీ తొట్టి అనేది ఒక విధంగా చక్రాల మీద ఎక్కిన పడవ. దాని అడుగున ఉన్న దూలాల అమరికలో పెద్దబండి పోలిక కొట్టవచ్చినట్లు కనబడుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ కథను ఒక మలుపు తిప్పింది. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజులలోనే గన్నవరం విమానస్థలం సైన్యానికి స్థావరంగా పనిచేసింది. పెట్రోలుకు కరవు వచ్చి బస్సులు బొగ్గుగాసుతో నడిచిన కాలం అది. బస్సు వెనుక పీపా వంటి కొలిమి ఒకటి బిగించి, బొగ్గు నింపి నిప్పు రాజేసి, క్లీనరు పిడి పట్టి గాలిచక్రం తిప్పుతూ ఉంటే చాలాసేపటికి గాని ఇంజను దగ్గేది కాదు. ఎత్తు వచ్చిన చోట ప్రయాణికులు దిగి నడిచేవారు. హాస్యానికి చెప్పుకొనే ముచ్చటే కావచ్చు గాని, ఒక సంగతి మరువరాదు: విదేశంలో తయారైన ఇంజనుకు దాని కర్తలు ఊహించని ఇంధనాన్ని తాగించడం మన మేస్త్రీలు ఆ కొలిమి దగ్గరనే నేర్చారు. యంత్రంతో వచ్చిన పుస్తకమే యంత్రానికి హద్దు కాదనే ధైర్యం అప్పుడు వచ్చింది. ఆ ధైర్యం తరువాత కొంత మేలూ చేసింది, కొంత కీడూ చేసింది.

యుద్ధం ముగిశాక సైన్యం వదలిన బండ్లు వేలానికి వచ్చాయి. షెవర్లే, ఫోర్డు, డాడ్జి, జీపు — వీటిని 'డిస్పోజల్సు బండ్లు' అనేవారు. ఫిరంగి లాగడానికి పుట్టిన బండి ధాన్యం మోయాలంటే దానిని మార్చక తప్పదు. పొట్టి ఛాసిస్‌ను అడ్డంగా కోసి నడుమ ముక్క అతికి పొడుగు చేశారు. ఎడమవైపు స్టీరింగును కుడికి మార్చారు. పెట్రోలు తాగే ఇంజనును దింపివేసి, మద్రాసులో సింప్సన్ వారు తయారుచేసిన పెర్కిన్స్ డీజిల్ ఇంజనును ఎక్కించారు. అటువంటి పాత అమెరికను బండికి ఆయుర్దాయం ఎంతటిదో ఆంధ్రదేశం మొత్తం 1982లో కళ్లారా చూచింది: నందమూరి తారక రామారావుగారు ఊరూరా తిరిగిన 'చైతన్య రథం' మార్పులు చేసిన ఒక పాత షెవర్లే వ్యానే. నిమ్మకూరులో పుట్టినవారికి పాత బండిని కొత్త పనికి మలచుకోవడం వింతగా తోచి ఉండదు.

1954లో టాటావారు జర్మనీలోని డైమ్లర్-బెంజి సంస్థతో కలిసి లారీల తయారీ ప్రారంభించారు. మూతి మీద మూడు కొమ్మల చుక్క ఉన్న ఆ లారీని జనం 'బెంజి' అన్నారు. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, చుక్క పోయి టాటావారి గుర్తు వచ్చింది. పేరు మాత్రం బెజవాడ నోట నిలిచిపోయింది. మద్రాసు-కలకత్తా రహదారీ, హైదరాబాదు-బందరు రహదారీ కలిసే కూడలిని నేటికీ బెంజి సర్కిల్ అంటున్నాము. అక్కడ ఒకనాడున్న లారీల విక్రయశాల వల్ల ఆ పేరు వచ్చిందని నగరంలో పెద్దలు చెప్పుకొంటారు. ఒక లారీ పేర నిలిచిన కూడలి ఈ నగరానికి తగినదే.

1957లో ప్రకాశం బారేజి పూర్తి అయి దాని మీదుగా రోడ్డు పడింది. నది దాటవలసిన బండికి బెజవాడ తప్పని మజిలీ అయింది. మరుసటి సంవత్సరంలో ఇంకొకటి జరిగింది. కృష్ణాజిల్లా బస్సు మార్గాలను ప్రభుత్వ రవాణా సంస్థ స్వీకరించే పథకాన్ని సవాలు చేస్తూ ఇక్కడి యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదివేది దానినే: అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయం చేసింది మరొకరు అయితే అది విచారణ కాదని 1958 నవంబరులో న్యాయస్థానం తీర్పు చెప్పింది. యజమానులు ఆ పూటకు గెలిచారు. కాని కాలక్రమాన బస్సు మార్గాలు ప్రభుత్వానికే చేరాయి. బస్సులలో తిరిగిన పెట్టుబడి, బస్సుల దగ్గర ఆరితేరిన పనితనం కొంతైనా లారీల వైపు మళ్లి ఉంటాయని ఊహించడం కష్టం కాదు.

ఊరి నడుమ వీధులలో షెడ్లు ఇరుకై, రోడ్డు మీదనే ఇంజన్లు విప్పే స్థితి వచ్చినపుడు, నగరానికి తూర్పున పటమట దాటి ప్రత్యేకమైన పేట ఒకటి 1960ల దశకంలో వెలసింది. అదే జవహర్ ఆటోనగర్. తరువాత తరువాత గుంటూరులో, గాజువాకలో, హైదరాబాదులో వెలసిన ఆటోనగర్‌లకు పేరూ పోలికా బెజవాడ ఇచ్చినవే. అక్కడి పని విభజనను చూచిన కొత్తవానికి అదొక పెద్ద ఆసుపత్రి అనిపిస్తుంది. ఇంజను చూచేవాడు గేరుపెట్టె ముట్టడు. లేతు పనివాడు వేరు, రేడియేటరు పనివాడు వేరు, డీజిల్ పంపు చూచేవాడు వేరు, సొట్టలు తీసే టింకరింగు మేస్త్రి వేరు, కమాను కట్టలు విప్పి వంపు తిరిగి పెట్టేవాడు వేరు. బండి వీధి వెంట ఒక దుకాణం నుండి మరొక దుకాణానికి రోగి వలె సాగుతుంది. 2014లో వచ్చిన 'ఆటోనగర్ సూర్య' అనే చలనచిత్రానికి ఈ వీధులే రంగస్థలం.

ఇక బాడీ కట్టే విధానం. ఛాసిస్ కమ్ముల మీద ముందుగా రెండు నిలువు దూలాలు పరచి, వాటిని యు-బోల్టులతో కమ్ములకు బిగిస్తారు. ఛాసిస్‌కు రంధ్రం చేయరు. రంధ్రం పడిన చోట ఉక్కు అలసి చీలుతుందని మేస్త్రికి అనుభవం. దూలాల మీద అడ్డపట్టెలు, అడ్డపట్టెల మీద నేలపలకలు, అంచుల వెంట నిట్టలు, నిట్టలకు పక్కపలకలు. మూలలకు ఇనుప పట్టీలు వేసి రివిట్లు కొడతారు. మొత్తం కట్టడాన్ని కావాలనే కొంచెం కదిలేటట్లు ఉంచుతారు. గుంతలో చక్రం దిగినపుడు ఛాసిస్ మెలిపడుతుంది. బాడీ కూడా దానితో మెలిపడకపోతే ఏదో ఒకటి విరగక తప్పదు. అందుకే పాత లారీ నడుస్తుంటే కిర్రుమని మూలుగుతుంది. అది లోపం కాదు, బండి బ్రతికి ఉన్నదన్న గుర్తు. చివరకు రంగులవాడు వచ్చి ముందు కనకదుర్గమ్మనూ, పక్కలకు తామరపూలనూ, వెనుక హారను కొట్టమనే మాటనూ వ్రాసిన తరువాత నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి, గుమ్మడికాయ కొట్టి బండిని రోడ్డెక్కిస్తారు.

ఈ నిర్మాణంలో డ్రైవరు కూర్చునే గది ఎక్కడ వచ్చింది? ఇది నేను ముఖ్యంగా చెప్పదలచిన విషయం. కేబిన్ కూడా చెక్కతోనే కట్టేవారు. నాలుగు నిట్టలు, పైన బల్ల, చుట్టూ పలుచని రేకు. దాని నెత్తిన మరొక అర. అందులో టార్పాలిను, తాళ్లు, కొండొకచో క్లీనరు పడక. తొట్టికి ఎంత చెక్క కావాలో, ఎన్ని టన్నులకు ఏ కమాను కట్ట సరిపోతుందో లెక్క ఉన్నది. ఎదురుగా మరొక లారీ వచ్చి ఢీకొంటే కేబిన్ ఎంత దెబ్బ తట్టుకోవాలో ఆ రోజులలో ఏ లెక్కా లేదు. ముందు ఇంజను, వెనుక సరుకు, నడుమ మనిషి. వెనుక ఇనుప ఊచలు ఉంటే గట్టిగా బ్రేకు వేసినపుడు అవి పలకను చీల్చుకొని ముందుకు వచ్చే ప్రమాదం ఉండేది. యజమాని అదనంగా రెండు కమాను పట్టాలు వేయించి బరువు పెంచితే మేస్త్రి వేసి ఇచ్చేవాడు. బండి తట్టుకొన్నది, బ్రేకులు తట్టుకోలేదు. యంత్రంతో వచ్చిన పుస్తకం హద్దు కాదనుకొన్న ధైర్యం కీడు చేసిందన్నది ఇక్కడనే. పనితనంలో లోపం ఉన్నదని నేను అనను. పనితనమంతా సరుకు కోసం ఖర్చయింది.

1980ల దశకంలో చిన్న లారీలు వచ్చాయి. జపాను సంస్థల తోడ్పాటుతో దేశంలో నాలుగుచోట్ల వాటిని తయారుచేశారు: డి.సి.ఎం. టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్డా, ఆల్విన్ నిస్సాన్. వీటిలో చివరిది మన రాష్ట్రపు బండి. రెఫ్రిజిరేటర్లకు, గడియారాలకు పేరుపొందిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ నాటి మెదక్ జిల్లా జహీరాబాదులో దానిని తయారుచేసింది. తరువాత ఆ కర్మాగారం మహీంద్రావారి చేతికి వెళ్లింది. వ్యాపార చరిత్రలో ఇదొక చిన్న పేరా. డ్రైవర్ల చరిత్రలో చిన్నది కాదు. ఉక్కు రేకుతో కర్మాగారంలోనే అచ్చుపోసిన కేబిన్, గట్టిగా మూసుకొనే తలుపు, పైకీ కిందికీ జరిగే అద్దం — ఇవన్నీ ఛాసిస్‌తోపాటే వచ్చాయి. బెజవాడ వడ్రంగికి అక్కడ పని తగ్గింది. వెనుక తొట్టి మాత్రం అతనిదే.

2005లో టాటావారు ఏస్ అనే బుల్లి ట్రక్కును విడుదల చేశారు. రెండు సిలిండర్ల ఇంజను, ముప్పాతిక టన్ను మోత. సందులోకి దూరుతుంది, చేను గట్టు దాకా వస్తుంది. జనం దానిని చిన్న ఏనుగు అన్నారు. ఆటోనగర్‌కు ఇది కొత్త చేతిపని ఇచ్చింది. తొట్టిపై కమ్మీలు వంచి టార్పాలిను వేస్తే కూరగాయల బండి. రేకుపెట్టె బిగిస్తే మంచు వేసిన చేపల బండి. పక్కపలకను బల్లగా దింపితే ఇడ్లీ, దోసెల అంగడి. మైకులు, దీపాలు బిగిస్తే ఎన్నికల ప్రచార రథం.

అటువంటి మార్పులు భారీ ఎత్తున జరిగింది 2021లో. ఆ సంవత్సరం జనవరి 21వ తేదీన బెంజి సర్కిల్ దగ్గర 2,500 చిన్న ట్రక్కులు బారులు తీరాయి. చౌకధరల బియ్యం ఇంటింటికీ చేర్చే పథకం కింద రాష్ట్రం మొత్తానికి సమకూర్చిన 9,260 బండ్లలో అవి ఒక భాగం. వీటిలో 6,413 టాటా ఏస్ గోల్డ్ బండ్లని తయారీదారులే ప్రకటించారు. ముందుగానే కట్టిన తొట్టి, ధాన్యం తూచే కాటా, వీధిలో పిలిచే మైకు — బండిని ఒకే పనికి మలచారు. నిరుద్యోగులకు రాయితీ మీద ఆ బండ్లను ఇచ్చారు. పథకం మంచిచెడ్డలు ఇక్కడ మనకు ప్రస్తుతం కావు. 2025 జూన్ 1వ తేదీ నుండి ప్రభుత్వం రేషను సరఫరాను తిరిగి దుకాణాలకే అప్పగించింది. నాలుగేళ్ల నాలుగు నెలలలో బండి పని ముగిసింది, బండి మిగిలింది. ఒకే పనికి మలచిన బండిని మళ్లీ మామూలు బండిగా మలచడం ఎట్లా అన్నది అప్పుడు పుట్టిన ప్రశ్న. ఈ ప్రశ్న దగ్గర చట్టం అడ్డు తగులుతుంది; దానికి తరువాత వస్తాను.

చిన్న ట్రక్కును కట్టడం, మార్చడం అనే ఈ విద్య అమెరికాలో మరొక దారి పట్టింది. ఆ దారి మన కంటికి వింతగా ఉంటుంది. కాని కేబిన్‌ను గురించి నేను పైన వేసిన ప్రశ్నకు అక్కడొక జవాబు ఉన్నది గనుక శ్రోతలను కొంచెంసేపు అటు తీసుకొని వెళ్తాను.

అక్కడి చిన్న ట్రక్కుల కథ కోళ్లతో మొదలవుతుంది. 1960ల ఆరంభంలో అమెరికా కోడిమాంసం పశ్చిమ జర్మనీ, ఫ్రాన్సు మొదలైన దేశాలలో చౌకగా అమ్ముడుపోతుంటే ఆ దేశాలు దిగుమతి సుంకం పెంచాయి. ప్రతీకారంగా అమెరికా 1964 నుండి దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం విధించింది. కోళ్ల తగాదా ఏనాడో సమసిపోయినా ఆ సుంకం పోలేదు. జపాను నుండి చిన్న ట్రక్కులు తెప్పించే సంస్థలు అప్పుడొక ఉపాయం పన్నాయి: తొట్టి లేకుండా కేబిన్‌తో కూడిన ఛాసిస్‌ను మాత్రమే ఓడలో తెప్పించి, అమెరికా గడ్డ మీద తొట్టి బిగించడం. తొట్టి లేనిదానికి సుంకం 4 శాతమే. ఈ సందును 1980లో మూసివేశారు. జంషెడ్‌పూరు నుండి మనకు ఛాసిస్ వచ్చిన తీరుకూ దీనికీ పోలిక ఉన్నది. ఒక్కటే భేదం — అక్కడ సుంకం తప్పించుకోవడానికి వదలివేసింది తొట్టిని, ఇక్కడ కర్మాగారం వదలివేసింది తొట్టినీ మనిషి కూర్చునే గదినీ కూడా. 1980ల ఆరంభంలో ఫోర్డువారి రేంజరు, షెవర్లేవారి ఎస్-10 వచ్చి చిన్న ట్రక్కులు అమెరికాలో ఇంటింటి బండ్లయినాయి.

అవి ముసలివైన తరువాత ఏమైనాయి? కొన్ని తుక్కుకు పోయాయి. కొన్ని 'డిమాలిషన్ డర్బీ'కి వెళ్లాయి. దానిని బండ్ల కోడిపందెం అనవచ్చును. సంక్రాంతికి మన పల్లెలలో బరి గీసినట్లు అక్కడి జిల్లా సంతలలో మట్టి బరి గీసి, నీరు చల్లి బురద చేసి, పాత బండ్లను దింపుతారు. ఒకదానినొకటి గుద్దుకోవాలి. చివరకు కదలగలిగిన బండి గెలిచినట్లు. 1950ల చివరలో న్యూయార్కు సమీపాన ఐస్‌లిప్ పందెపు మైదానంలో దీనికి ప్రచారం తెచ్చిన నిర్వాహకుని పేరు మెండెల్సన్. విచిత్రమేమంటే ఆయన ముందుపేరు లారీ! మొదట పెద్ద కార్లతో ఆడినారు. అవి అరుదైన కొద్దీ తరగతులు పెరిగాయి. చిన్న ట్రక్కులకు వేరే తరగతి ఏర్పడింది.

విజయదశమికి బండికి పసుపుకుంకాలు పెట్టే మనకు, పగులగొట్టడం కోసం బండిని సిద్ధం చేయడమనేది మనసుకు పట్టే సంగతి కాదు. అయినా ఆ సిద్ధం చేసే విధానం చూడవలసినదే. ముందుగా అద్దాలన్నీ తీసివేస్తారు. పగిలిన గాజు ముక్క ఒక్కటి లోపల మిగిలినా తనిఖీలో బండిని నిలిపివేస్తారు. దీపాలు, ప్లాస్టికు, లోపలి మెత్తలు పోతాయి. తొట్టి కింద వేలాడే ఇంధనపు ట్యాంకును తీసివేసి, చిన్న ట్యాంకును దెబ్బ తగలని చోట కట్టుదిట్టంగా బిగిస్తారు. బ్యాటరీని మూతి కింద నుండి కేబిన్ నేల మీదికి మార్చి మూత వేస్తారు. తలుపులకు గొలుసులు కడతారు, లేదా వెల్డింగు చేస్తారు. డ్రైవరు వీపు వెనుక ఈ తలుపు నిట్ట నుండి ఆ తలుపు నిట్ట దాకా లావుపాటి ఇనుపగొట్టం అడ్డంగా వేస్తారు. నిప్పు పుడితే ఆర్పడానికి మూతికి రంధ్రం కోస్తారు. డ్రైవరు వైపు తలుపును తెలుపు వంటి రంగుతో ఎడంగా కనబడేటట్లు చేస్తారు. ఆ తలుపును కావాలని గుద్దినవాడు పందెం నుండి తొలగవలసిందే. శిరస్త్రాణం, నడికట్టు లేనివానిని బరిలోకి రానివ్వరు.

తక్కినదంతా చాతుర్యం. వెనుక చక్రాలు రెండూ కలిసి తిరగడానికి డిఫరెన్షియల్ లోపలి పళ్లచక్రాలను వెల్డింగు చేసి ఒకటి చేస్తారు. చిన్న ట్రక్కుకు వెనుక బరువు లేదు గనుక దెబ్బ తగిలితే ఛాసిస్ కమ్ములు వంగి తొట్టి పైకి లేస్తుంది. తొట్టిని ఛాసిస్‌కు ఎన్ని బోల్టులతో బిగించవచ్చునో, కమాను కట్టకు ఎన్ని పట్టీలు వేయవచ్చునో ఆటకొక నియమం. రేడియేటరు ముందున్నది కాబట్టి నేర్పరి వెనుకకు నడుపుతూ తొట్టితో గుద్దుతాడు, ముందుభాగాన్ని దాచుకొంటాడు. మన ఆటోనగర్ మేస్త్రిని అక్కడికి తీసుకొనిపోతే భాష తెలియకపోయినా ఈ భాగమంతా క్షణంలో గ్రహిస్తాడు. కమాను కట్ట ఎక్కడైనా కమాను కట్టే.

అతడిని నిలిపివేసేది మొదటి భాగం. పగిలిపోవడానికే కట్టిన బండిలో, దాని ధర తుక్కు ధరయే అయిన బండిలో, నియమాల పుస్తకం మొదలయ్యేది డ్రైవరుతో. ఇంధనం ఎక్కడుండాలి, నిప్పు ఎట్లా ఆరాలి, తలుపు ఎట్లా నిలవాలి, వీపు వెనుక ఏముండాలి — బండికి సంబంధించిన ప్రతి ప్రశ్నా మనిషి నుండి బయలుదేరుతుంది. ఇరవై ఏళ్లు నిలవాలని, కుటుంబాన్ని పోషించాలని, అప్పు తీర్చాలని అంత శ్రద్ధతో కట్టిన మన లారీలో ప్రశ్న సరుకు నుండి బయలుదేరింది. ఆ జనానికి దయ ఎక్కువని, మనకు తక్కువని దీని అర్థం కాదు. వారు దెబ్బ తప్పదని ముందే ఒప్పుకొన్నారు. ఒప్పుకొన్నవాడు దెబ్బకు సిద్ధపడతాడు. మనం దెబ్బ తగలకూడదని దేవునికి మొక్కి, ఆ మొక్కు మీదనే కేబిన్ కట్టాము.

ఇప్పుడు చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలు తయారీదారు మొదట నిర్ణయించిన వివరాలకు భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. దీనికి తోడు ట్రక్కుల బాడీలకూ కేబిన్లకూ ప్రమాణాల నియమావళి వచ్చింది. బాడీ కట్టేవారు కొలతలు చూపి, పరీక్షలకు నిలబడి అనుమతి పొందాలి. డ్రైవరు ప్రాణం దృష్ట్యా ఇది రావలసిన రోజు కంటె ఆలస్యంగా వచ్చిందనే నా అభిప్రాయం. కాని దాని వెల ఎవరు చెల్లిస్తున్నారో కూడా చెప్పాలి. పెద్ద సంస్థకు ఇంజనీర్లున్నారు, పరీక్షాశాలకు పంపడానికి డబ్బున్నది. తండ్రి చేతి కింద ఉలి పట్టి నేర్చిన మేస్త్రికి తన దూలం ఎంత బరువు తట్టుకొంటుందో చేతికి తెలుసు, కాగితం మీద వ్రాయడం తెలియదు. యు-బోల్టు ఎందుకు, రంధ్రం ఎందుకు వద్దు అన్న అతని విద్యను కొలతలుగా మార్చి వ్రాసిపెట్టే పని పెద్దయెత్తున ఎవరూ తలకెత్తుకోలేదు. చెక్కపని చేసే షెడ్లు వెల్డింగు షెడ్లయినాయి.

గన్నవరానికి అవతల మల్లవల్లి పారిశ్రామికవాడలో అశోక్ లేలాండువారి బస్సుల కర్మాగారం 2025 మార్చిలో ప్రారంభమైంది. 75 ఎకరాల స్థలం. పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏటా 4,800 బస్సులని అంచనా. అక్కడ బాడీ, కేబిన్, అద్దం, సీటు అన్నీ ఒకే ఆవరణలో బిగించుకొని పూర్తి బస్సు బయటకు వస్తుంది. కృష్ణాజిల్లాలో బాడీ కట్టడం ఆగిపోలేదు. చేతులు మారింది, ఆటోనగర్ నుండి అదే రహదారి వెంట తూర్పుకు కొన్ని మైళ్లు జరిగింది.

కేబిన్ల విషయంలో చివరిగా వచ్చిన మార్పు ఒకటున్నది. 2025 అక్టోబరు 1వ తేదీ నుండి తయారయ్యే లారీలలో డ్రైవరు గదికి శీతలయంత్రం తప్పనిసరి చేశారు. ఇంజను పక్కనే ఉండే ఇనుప గదిలో రోహిణీకార్తె మధ్యాహ్నం ఏలూరు నుండి బెజవాడకు బండి నడిపినవారికి ఇది విలాసం కాదని తెలుసు. నిబంధన వర్తించేది మొత్తం బరువు మూడున్నర టన్నులు మించిన బండ్లకు. కైకలూరు నుండి చేపలపెట్టెలు తెచ్చే చిన్న ట్రక్కు, పెళ్లిళ్లకు షామియానా మోసే చిన్న ట్రక్కు, నాలుగేళ్లు రేషను బియ్యం మోసి ఇప్పుడు పక్కపలకలు విప్పించుకొంటున్న చిన్న ట్రక్కు ఆ లెక్కలోకి రావు.